పదహారేళ్ల రోగి మాట - చట్టంలో దాని స్థానం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో ఆమోదం పొంది, 2018 మే 29న అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అప్పటికే మూత్రపిండాల వ్యాధితో కుంగిపోయిన ప్రాంతమది. తండ్రి డయాలసిస్‌కు తిరుగుతున్న ఇంట్లో పదహారేళ్ల పిల్లవాడు నిద్రలేక, చదువు సాగక కుమిలిపోతుంటే, అతని మాటకు ఈ చట్టం ఏపాటి విలువ ఇస్తున్నది?

4వ సెక్షన్ ఉదారమైనది. సమాచారాన్ని గ్రహించడం, పర్యవసానాన్ని ఊహించడం, నిర్ణయాన్ని తెలియజేయడం - సామర్థ్యానికి ఇవే గీటురాళ్లు. అక్కడ వయసు ప్రసక్తి లేదు. కాని 87వ సెక్షన్‌కు రాగానే ఇవి కనుమరుగవుతాయి. పద్దెనిమిదేళ్లు నిండని వారిని ఆసుపత్రిలో చేర్చాలన్నా, చికిత్స చేయాలన్నా సంరక్షకుని సమ్మతే ఆధారం. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలనడం, పెద్దల వార్డులో ఉంచరాదనడం, 72 గంటలలో బోర్డుకు తెలపాలనడం మంచి రక్షణలే. అయితే పిల్లవాని కోరికను "తెలుసుకోగలిగితే" పరిగణించాలన్నారు. అనువాదకునిగా నన్ను ఆపినది ఈ ఒక్క మాటే. అడగకుండానే తెలియలేదనడానికి ఇది దారి ఇస్తుంది. పైగా సంరక్షకుడు ఇంటికి పంపమంటే పంపవలసిందే. ఉండి నయం చేసుకుంటానన్న పిల్లవాని మాటకు అక్కడ చోటు లేదు.

మన ధర్మశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని ఒకే గీతతో తేల్చలేదు. అనాథల ఆస్తి అప్పగించే సందర్భంలో సూరా నిసా 6వ ఆయత్ వయసుతో పాటు రుష్ద్‌ను, అంటే వివేకాన్ని, పరీక్షించి చూడమంటుంది. 1869-76 మధ్య ఉస్మానియా ప్రభుత్వం కూర్చిన మజల్లా, మంచిచెడ్డలు తెలిసిన మైనరు లావాదేవీలను మూడు విధాలుగా విభజించింది: కేవలం లాభకరమైన దానికి వలీ అనుమతి అక్కరలేదు, కేవలం నష్టకరమైనది అనుమతి ఉన్నా చెల్లదు, రెండింటికీ అవకాశమున్నది వలీ అనుమతిపై ఆధారపడుతుంది.

ఇది ఆస్తికి సంబంధించిన సూత్రం. చికిత్సకు యథాతథంగా వర్తించదు. అయినా ఆలోచనకు దారి చూపుతుంది. సహాయం కోరడం కేవలం మేలు. దానికి ఎవరి అనుమతీ ఎందుకు? 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు టెక్కలి పిల్లవాడైనా తానే ఫోను చేయవచ్చు. లాభనష్టాలు రెండూ ఉన్న మందుల విషయంలో పిల్లవాడూ పెద్దలూ కలిసి నిర్ణయించాలి. ప్రాణాపాయంలో మాత్రం వలీ ముందుకు రావలసిందే.

సంతకం తండ్రిదే కావచ్చు. ప్రశ్న మొదట పిల్లవాణ్ణి అడగాలి. వలీ అధికారం అమానత్. అది పిల్లవాని మేలు కోసమే తప్ప, ఇంటి పరువు కోసం కాదు.