భాషాల్పసంఖ్యాకుల హక్కు - రాజ్యాంగ విమర్శ

భారత రాజ్యాంగమున సమానత్వమును గూర్చిన అధికరణములను వరుసగా పరిశీలించువారికి ఒక విశేషము గోచరించును. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేతనే పౌరులయెడ వివక్ష చూపరాదని 15వ అధికరణము శాసించుచున్నది. ప్రభుత్వోద్యోగములకు సంబంధించిన 16వ అధికరణము ఈ పట్టికకు వంశమును, నివాసమును చేర్చినది. ఈ రెండింటను భాష యను మాట లేదు. 29వ అధికరణపు రెండవ ఖండమున ఆ మాట కలదు. కాని యది ప్రభుత్వము నడపు, లేక ప్రభుత్వ ధనసహాయము పొందు విద్యాలయములలోని ప్రవేశమునకే పరిమితము.

ఈ పరిమిత రక్షణమునకు గల బలము 1954లో బొంబాయి వ్యాజ్యమున వెల్లడియైనది. ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలలో ఆంగ్లో-ఇండియనులను, ఆసియేతర సంతతివారిని తప్ప ఇతరులను చేర్చుకొనరాదని ఆ రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరువు చేసెను. దేశభాషల యభివృద్ధియే తన యుద్దేశమని వాదించెను. ఉద్దేశము వేరు, నిరాకరణమునకు కారణము వేరు అని సుప్రీంకోర్టు నిర్ణయించి, ఆ యుత్తరువును కొట్టివేసెను. సదుద్దేశము వివక్షకు సమాధానము కాజాలదను ఈ సూత్రము అల్పసంఖ్యాక భాషలకు లభించిన గట్టి యూతకోల.

అయినను, బడి తలుపు తెరచుట వేరు. లోపల తల్లిభాషలో పాఠము చెప్పుట వేరు. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము 1955లో నివేదిక నొసగిన పిమ్మట, 1956లో ఏడవ సవరణమువలన 350-ఎ అధికరణము వచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సదుపాయములు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని దాని తాత్పర్యము. రాష్ట్రపతి ఆదేశము లీయవచ్చును. ఇది ప్రాథమిక హక్కుల భాగమున లేదు. 350-బి ననుసరించి నియమితుడగు ప్రత్యేకాధికారి విచారించి నివేదించునేగాని ఆజ్ఞాపింపజాలడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము సైతము, సాధ్యమైనంతవరకే మాతృభాషలో బోధన జరుగవలెనన్నది. ప్రయత్నము, సాధ్యమైనంత - ఈ రెండు మాటల సందున హక్కు జారిపోవుచున్నది.

1949లో రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము, తరగతిలో 10 మందిగాని పాఠశాలలో 40 మందిగాని విద్యార్థులున్నచో మాతృభాషోపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించినది. ఇది ఆచరణకు సులభమే. కాని హోసూరు, బళ్లారి, బరంపురము వంటి తావుల చుట్టుపట్ల చెదరియున్న తెలుగు కుటుంబములలో తొమ్మిదిమంది పిల్లలే యున్న తరగతి మాటేమి? బిడ్డకు జెందవలసిన హక్కు ఇచట గుంపునకు జెందినదగుచున్నది.

యానామున పరిస్థితి వేరు. అచట 1965 నాటి అధికారభాషాచట్టము తెలుగు వాడుకకు చోటిచ్చినది. ఇతర రాష్ట్రములలో 30వ అధికరణమే ప్రధానాధారము. అల్పసంఖ్యాకత్వమునకు రాష్ట్రమే ప్రమాణమని 2002లో సుప్రీంకోర్టు నిర్ణయించుటచే, దేశమున కోట్లాదిగా నున్న తెలుగువారు ఆ రాష్ట్రములలో తమ విద్యాలయములను స్థాపించి నిర్వహించుకొన నర్హులైరి. అయితే స్థాపించు శక్తి లేని పేదవానికి ఈ హక్కు కాగితముననే నిలుచును.

కావున 350-ఎ లోని ప్రయత్నము విధిగా మారవలెను. అంతవరకు, బిడ్డల మాతృభాషను బడి పట్టికలో తెలుగని వ్రాయించుట తల్లిదండ్రుల కర్తవ్యము. లెక్కకు రానివారిని ఆ తీర్మానము కాపాడజాలదు.