స్పానిష్ న్యాయపదాల ఆంగ్లానువాదం – రూపసామ్యం కల్పించే భ్రాంతి

స్పానిష్, ఆంగ్ల న్యాయపదజాలాలు రెండింటిలోనూ లాటిన్ వారసత్వం ఉంది. అనువాదకునికి చిక్కు అక్కడే మొదలవుతుంది. 'సెంతెన్సియా' అన్న పదం చూడగానే ఆంగ్లంలోని 'సెంటెన్స్' స్ఫురిస్తుంది. కాని స్పానిష్‌లో అది తీర్పు. శిక్షకు 'పేనా', 'కొందేనా' అన్న వేరే పదాలున్నాయి. 'సెంతెన్సియా అబ్సొలుతోరియా' అంటే నిర్దోషిగా విడుదల చేసే తీర్పు. దానిని 'సెంటెన్స్' అంటే విడుదలైనవానికి శిక్ష పడినట్లవుతుంది. 'హురిస్‌ప్రుదెన్సియా' కూడా ఇటువంటిదే: అది న్యాయస్థానాల పూర్వనిర్ణయాల సముదాయం, న్యాయతత్త్వశాస్త్రం కాదు. ఈ రెండింటికీ మంచి నిఘంటువు చాలు.

'నోతారియో' విషయంలో నిఘంటువు చాలదు. స్పెయిన్‌లో నోతారియో న్యాయశాస్త్ర పట్టభద్రుడు, కఠినమైన పోటీపరీక్ష నెగ్గినవాడు. తాను రూపొందించే పత్రం చట్టబద్ధతను పరిశీలించవలసినవాడు. అమెరికాలో నోటరీ పని ప్రధానంగా సంతకాన్ని ధ్రువీకరించడం. ఈ పోలికను అడ్డుపెట్టుకొని స్పానిష్ మాట్లాడే వలసదారులను మోసగించడం జరిగింది గనుకనే టెక్సస్ వంటి రాష్ట్రాలు నోటరీలు తమ ప్రకటనలలో 'నోతారియో పుబ్లికో' అని వాడడాన్ని నిషేధించాయి. 'సివిల్ లా నోటరీ' అన్న ఆంగ్ల పర్యాయం కొంత మొరటుగా ఉన్నా వ్యవస్థాభేదాన్ని సూచిస్తుంది. అందుకే అది మేలు.

హిందీ 'ఉపన్యాస్' నవల అని ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఇది కొత్త కాదు. అయితే మధ్యలో ఆంగ్లం ఉన్నప్పుడు దోషం కంటికి ఆనదు. స్పెయిన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిని 'మహిస్త్రాదో' అంటారు. ఆంగ్లానువాదంలో ఆయన 'మేజిస్ట్రేట్' అయితే, తెలుగులో కింది క్రిమినల్ కోర్టు అధికారిగా మిగులుతాడు. మూలం చూడని తెలుగు అనువాదకునికి అనుమానం కలిగే అవకాశమే లేదు.