టెలిఫోను డైరెక్టరీ: గుణదోష విచారము

గ్రంథవిమర్శకు టెలిఫోను డైరెక్టరీ తగునా యని కొందరు నవ్వవచ్చును. గుమాస్తా పనిలో ఏండ్ల తరబడి ఆ పుటలు తిరుగవేసిన వారము గనుక, దాని గుణదోషములు చెప్పుటకు మాకు కొంత అధికారము గలదని భావించుచున్నాము.

1878లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున వెలువడిన తొలి డైరెక్టరీ ఒక్క అట్టకాగితము. అందు 50 పేర్లే గాని అంకెలు లేవు. పేరు చెప్పినచో ఎక్స్చేంజివారే కలిపెడివారు. మా యౌవనమున బెంగుళూరి డైరెక్టరీ దిండంత లావు. అందు ధనికునకు ముందుచోటు లేదు, అక్షరక్రమమే పెద్దరికము. ఇది గుణము. ఇక దోషములు. ఏండ్లు వేచినను కనెక్షను రాని వానికి అందు చోటే లేదు. మన ఇంటిపేర్లు ఇంగ్లీషున తరచు ఒక్క పొడి అక్షరమై మిగిలినవి. అన్నదమ్ములైనను వేర్వేరు పుటలలో వెదకవలసినదే.

1995లో మన దేశమున సెల్‌ఫోను వచ్చినది. ఆ నంబర్లు డైరెక్టరీ కెక్కలేదు. తరువాత ఇంటర్నెట్టు వచ్చి పుస్తకమును అనవసరము చేసినది. బ్రిటనులో సైతము 2024తో దాని ముద్రణ ముగిసినది. అడుగకయే మోగెడు వ్యాపారుల ఫోన్లతో విసిగినవారు తమ నంబరు నలుగురి కంట బడరాదనుట న్యాయమే. అయినను ఇంటర్నెట్టు దుకాణములను చూపునంత సులభముగా మనుష్యులను చూపదు.

ఇటీవల మా మిత్రులొకరు కాలధర్మము నొందిరి. వారి స్నేహితుల నంబర్లన్నియు సెల్‌ఫోనులో నుండెను. దాని తాళపు సంఖ్య ఎవరికిని తెలియదు. అటుకమీది పాత డైరెక్టరీ అట్టపై వారు పెన్సిలుతో వ్రాసికొన్న నాలుగు నంబర్లు కనబడెను. వాటి ముందు ‘రెండు’ చేర్చి తిప్పగా మూడు పలుకలేదు; ఒకటి మ్రోగెను. ఆ ఒక్కరి వలననే తక్కినవారికి వార్త అందెను. కొందరికి పండ్రెండవ దినము గడచిన పిమ్మటనే తెలిసినది.

కావున మన సంఘము చిన్న పుస్తకమొకటి అచ్చువేయవలెనని మా మనవి. సమ్మతించినవారి వివరములు మాత్రమే, తెలుగు అక్షరములలో, ఇంటిపేరు పూర్తిగా, స్వగ్రామముతో సహా ఉండవలెను. ఇంటి చిరునామా అక్కరలేదు. తొలి డైరెక్టరీలో నంబర్లు లేని పేర్లుండెను. నేడు మన ఫోనులు పేర్లు లేని నంబర్లతో మ్రోగుచున్నవి. పరభాషా ప్రాంతమున తరములుగా నున్న మనము ఒకరి పేరొకరము ఎరిగియుండుట అవసరము.