యక్షప్రశ్న ఎవరికి?

తేలని చిక్కు సమస్యను మనం యక్షప్రశ్న అంటున్నాం. 'పోడు పట్టాలు యక్షప్రశ్నగానే మిగిలాయి' అని పత్రికలు రాస్తాయి. మన పిల్లలూ వ్యాసాల్లో అదే రాస్తారు. దిద్దే మేమూ రైటు పెట్టి వదిలేస్తున్నాం.

భారతం అరణ్యపర్వంలో కథ అలా లేదు. యక్షుడి ప్రశ్నలన్నిటికీ ధర్మరాజు జవాబు చెప్పాడు. చెప్పకుండా నీళ్లు తాగిన నలుగురు తమ్ములే పడిపోయారు. అంటే యక్షప్రశ్న కష్టమైనదే గాని జవాబు లేనిది కాదు. జవాబు చెప్పనిదే నీళ్లు ముట్టకూడనిది.

పోడుకూ జవాబుంది. 2005 డిసెంబరు 13 నాటికే అడవి భూమిని సాగుచేసుకుంటున్న ఆదివాసీకి, 4 హెక్టార్లకు మించకుండా, 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. దరఖాస్తును మొదట చూసేది గ్రామసభే. ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా ఒక సాక్ష్యమే. మరి చిక్కెక్కడ? దరఖాస్తు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడంలో. 'యక్షప్రశ్న' అనగానే వాళ్లు తప్పుకుంటారు, తప్పంతా ప్రశ్నదవుతుంది.

ఈ మాట వద్దని మేం అనడం లేదు. పిల్లలు రాసినప్పుడు, పక్కన ఎర్రసిరాతో ఒక్కటి అడుగుదాం: 'జవాబు చెప్పాల్సింది ఎవరు?'