బాణీ కట్టినవాళ్ళ పేరేది?

భానుమతి గురించి రాసేవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆమె పొగరు. ఆ తర్వాత గొంతు. ఆ తర్వాత 'అత్తగారి కథలు'. ఆమె సినిమాలకు బాణీలు కట్టిందనీ, మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి మూడేళ్ళు ప్రిన్సిపాల్‌గా పనిచేసిందనీ చివరి పేరాలో పురస్కారాల జాబితా మధ్య ఒక వాక్యంగా మిగిలిపోతాయి. 2005 డిసెంబర్‌లో ఆమె చనిపోయాక వచ్చిన నివాళుల్లోనూ ఎక్కువగా ఇదే తీరు. ఆ చివరి వాక్యం దగ్గరే నేను మొదలుపెట్టాలనుకుంటున్నాను.

ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతికి తండ్రే సంగీతంలో తొలి గురువు. 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చింది. భర్త రామకృష్ణతో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టింది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తానే డైరెక్ట్ చేసింది. మరుసటి ఏడాది వచ్చిన 'చక్రపాణి'కి సంగీతం ఆమెదే. ఒక స్త్రీ పేరు గాయనిగా కాక సంగీత దర్శకురాలిగా తెర మీద పడటం ఆనాటికి అరుదైన విషయం.

'చక్రపాణి' కథ ఇక్కడ ఆలోచించదగ్గది. మునిమనవడు పుడితేనే ఆస్తి ఇస్తానని భీష్మించుకున్న పిసినారి తాత, ఆ ఆస్తి కోసం మనవరాలు ఆడే నాటకం. మగబిడ్డను చూపిస్తే తప్ప ఆడపిల్లకు వాటా లేదన్న నీతిని ఆ హాస్యం నవ్వుతూనే బయటపెడుతుంది. సంగీతంలో కూడా వారసత్వం ఇలాగే నడిచిందని నాకనిపిస్తుంది. గురువు, శిష్యుడు, బాణీ అంటూ వంశవృక్షం గీసుకుంటూ పోతాం. అందులో స్త్రీలు గొంతులుగా కనిపిస్తారు. పాడినందుకు మెచ్చుకుంటాం, కట్టినందుకు లెక్కలోకి తీసుకోం.

ఆమె గొప్ప సంగీత దర్శకురాలా అని నన్నెవరైనా అడిగితే, సంగీతం చేసిన సినిమాలు కొద్ది, పెండ్యాలతోనో రాజేశ్వరరావుతోనో తూచడానికి ఆ పని సరిపోదు అనే చెబుతాను. కానీ అది గొప్పతనానికి సంబంధించిన ప్రశ్న. నా ప్రశ్న వేరు. అంత తక్కువ పని చేసిన మగవాడిని కూడా మనం 'సంగీత దర్శకుడు' అనే పిలుస్తాం. భానుమతిని మాత్రం 'సంగీతం కూడా చేసింది' అంటాం. ఆ 'కూడా'లోనే ఉంది రాజకీయం. సొంత నిర్మాణ సంస్థ, స్టార్ హోదా, ప్రిన్సిపాల్ కుర్చీ ఉన్న మనిషికే 'కూడా' మిగిలితే, అవేవీ లేనివాళ్ళ సంగతి?

'మా భూమి' (1980) అనగానే మనకి గద్దర్ పాట గుర్తొస్తుంది. ఆ సినిమాకి సంగీతం ఇచ్చినవాళ్ళలో వింజమూరి సీతాదేవి ఒకరని ఎంతమందికి గుర్తు? కామారెడ్డిలో నా క్లాసులో సంగీత దర్శకుల పేర్లు అడిగితే, పిల్లలు చెప్పిన పేర్లలో ఒక్క ఆడపేరూ లేదు. బీడీలు చుట్టే తల్లి కూతురొకతె మాత్రం క్లాసయ్యాక వచ్చి, "మా అమ్మ పాట కడ్తది మేడం, గని ఆమె పేరు ఎవ్వరు చెప్పరు" అంది.

ఆ తల్లిది ఎల్లారెడ్డి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాని వరద ముంచెత్తింది. నెల తిరక్కుండా బతుకమ్మ వచ్చింది. ఆమె ఆ వరదనే పాట చేసింది. వరస పాతదే. కానీ కొట్టుకుపోయిన పొలం గురించి చెప్పేటప్పుడు మాటలు పొడుగై పాత వరసలో పట్టలేదు. ఆమె 'ఉయ్యాలో'ని ఒక చప్పట్టు వెనక్కి జరిపింది. చుట్టూ ఆడుతున్నవాళ్ళు రెండో చరణానికల్లా ఆ మార్పు అందుకున్నారు. మాటకోసం వరసని సాగదీసి, తాళం చెడకుండా మళ్ళీ కలపడం సంగీత కళాశాలల్లో నేర్పే విద్యే. ఈ పాట ఎవరిదని అడిగితే ఆమె, "మా అత్త పాడేది" అంది. ఒక నెల కిందటి వరద గురించిన పాట ఎప్పుడో పోయిన అత్తదెలా అవుతుంది?

దీన్ని మనం వినయం అని మురిసిపోతాం. జానపదం అజ్ఞాత కర్తృకం అని సిద్ధాంత గ్రంథాల్లో రాసుకుంటాం. నా సిద్ధాంత గ్రంథం కోసం నేను చదివినవాటిలోనూ పాడినవాళ్ళని 'వక్తలు' అనే అన్నారు. సమష్టి సృష్టి అనే మాట అబద్ధం కాదు. కానీ సమష్టిలో ఒక్కొక్కరు చేసిన పని కనిపించకుండా పోతే అది మళ్ళీ స్త్రీల శ్రమనే ఉచితంగా జమకట్టుకోవడం అవుతుంది. బీడీకి కనీసం వెయ్యికింత అని లెక్క ఉంది.

భానుమతిని సంగీత దర్శకురాలిగా, అధ్యాపకురాలిగా మళ్ళీ చదవడమంటే ఒక తారకి మరో కిరీటం పెట్టడం కాదు. కట్టడం అనే పని ఎవరిదన్న ప్రశ్నని తెరమీది టైటిల్స్ నుంచి బతుకమ్మ ఆడే వాకిలి దాకా తీసుకెళ్ళడం. పాటలు సేకరించే పరిశోధకులు ఇకనైనా 'ఎవరు పాడారు' పక్కనే 'ఎవరు మార్చారు, ఎక్కడ మార్చారు' అని రాసుకోవాలి. అత్త పేరు చెబితే అత్త పేరూ, కోడలు మార్చిన చోట కోడలి పేరూ రాయాలి.