పురిటింటి నేస్తం

తొలి కాన్పు పుట్టింట జరగాలన్న కట్టుబాటును గోదావరి జిల్లాల్లో చాలామంది కన్నవారి మీద పడే ఖర్చుగానే లెక్కిస్తారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఉన్న ఊళ్ళలోను, కొల్లేటి లంకల్లోను ఆ ఆచారం నడిచే తీరును దగ్గరగా గమనించినవారికి దానిలో మరో ప్రయోజనం కనిపిస్తుంది: అత్తవారింట కోడలిగా మసలుతున్న పిల్లను అది ఆమె పెరిగిన వీధికి, అట్లతద్ది తెల్లవారుజామున కలిసి ఉయ్యాలలూగిన నేస్తాల మధ్యకు కొన్ని నెలలపాటు తిరిగి చేరుస్తుంది. బాలింత సేవ అంటే మందు, పథ్యం, స్నానం అని మూడు చెప్పుకోవడం పరిపాటి. ఆ మూడూ సాఫీగా సాగడానికి నేస్తం రాకపోకలు ఎంత అవసరమో పెద్దలకు తెలుసు గాని, దానికి పేరు పెట్టి చెప్పేవారు తక్కువ.

కాన్పయ్యాక పది రోజులు పురుడు, అంటే ఇంటిల్లిపాదీ మైల పాటించే కాలం. పదకొండో రోజు పురిటి స్నానంతో అది తీరుతుంది. 21వ రోజున బారసాల చేసి బిడ్డను ఉయ్యాలలో వేస్తారు. చాలా ఇళ్ళలో ఆనాడే బాలింత చేత నూతిలో చేద వేయిస్తారు, అంటే నూతికి పసుపు కుంకుమలు పెట్టించి, నీళ్ళు తోడించి, ఆమెను మెల్లగా ఇంటిపనిలోకి రానిస్తారు. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి అత్తవారింటికి పంపుతారు. ఈ గడువుల్లో తల్లికి వంట, అమ్మమ్మకు మందు నూరడం అని పనులు వాటాలు పడతాయి. నేస్తానికి మాత్రం ఎవరూ పని అప్పగించరు. ఆమె వచ్చి తానే అందుకుంటుంది.

పథ్యంలో మొదటిది కాయం. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము వంటి దినుసులను విడివిడిగా దోరగా వేయించి, దంచి, వస్త్రగాళితం పట్టి, బెల్లం పాకంలో నెయ్యితో కలిపి చేసే మందు ఇది. ఉసిరికాయంత ఉండను పరగడుపున తినిపిస్తారు. దాని తర్వాత చెప్పుకోవలసింది తెలగపిండి మునగాకు కూర. నువ్వుల నుంచి గానుగలో నూనె తీయగా మిగిలిన పిండిని తెలగపిండి అంటారు. నూనె చాలావరకు పోయినా మాంసకృత్తులు అందులోనే నిలుస్తాయి. ఈ కూరలో ఒడుపంతా నీటి కొలతలో ఉంది. ఉప్పు, పసుపు వేసిన నీళ్ళు తెర్లుతుండగా ముందు మునగాకు ఉడికించి, ఆపైన తెలగపిండిని కలపకుండా గుట్టగా పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. నీరు ఎక్కువైతే కూర ముద్దకడుతుంది, తక్కువైతే గొంతు పట్టుకుంటుంది. నీరంతా ఇగిరాక గరిటె కాడతో విడదీసి, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువలతో నూనె ధారాళంగా వేసి తాలింపు పెడితే పొడిపొడిగా వస్తుంది. పాలు పడతాయని దీన్ని పెడతారు. బిడ్డ తరచుగా తాగడమే పాలు ఊరడానికి అసలు కారణమని వైద్యులు చెబుతారు. అయినా కాన్పుతో నీరసించిన ఒంటికి ఇంత పుష్టినిచ్చే కూరను వదులుకోవలసిన పని లేదు.

కొల్లేటి వైపు నుంచి వచ్చే నేస్తం చేతిలో కొరమేను ఉండడం సహజం. ఈ చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చగలది కనుక కొద్దిపాటి నీళ్ళున్న బిందెలో కూడా ప్రాణంతో ఇల్లు చేరుతుంది. చింతపండు తగ్గించి, మిరియాలు, వెల్లుల్లి దట్టించి పులుసు పెడతారు. మలేషియాలోనూ ఇదే జాతి చేపను 'హరువాన్' పేరుతో, గాయం త్వరగా మానుతుందని, కాన్పయినవారికి పెట్టడం ఆనవాయితీ.

పసిబిడ్డ స్నానానికి రెండు చేతులు చాలవు. అనుభవం గల పెద్దావిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాచి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెడుతుంటే, నేస్తం వేడి చూసి నీళ్ళు అందిస్తుంది. అటు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింత స్నానం ముగించి, నడుముకు నడికట్టు బిగించుకుని కునుకు తీయగలిగేది, బిడ్డ నమ్మకమైన ఒడిలో ఉన్నప్పుడే. ఈ పద్ధతుల్లో విడిచిపెట్టవలసినవీ ఉన్నాయి: మూసిన గదిలో కుంపటి పెట్టడం, బిడ్డ చెవుల్లో, ముక్కులో నూనె పోయడం, తేనె నాకించడం, ముర్రుపాలు పిండి పారబోయడం. ముర్రుపాలే బిడ్డకు తొలి రక్షణ. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు.

అమ్మతో, అత్తగారితో చెప్పుకోలేని మాటలు నేస్తంతో చెప్పుకోవచ్చు. చనుమొన పగిలిందని, భర్త ఫోన్ చేయలేదని, బిడ్డను చూస్తే ముద్దు రాకపోగా భయమేస్తోందని పెద్దల ఎదుట అంటే తిథివార నక్షత్రాల సలహాలు వస్తాయి. ఏడాది ముందే తల్లయిన నేస్తమైతే పక్కన కూర్చుని, బిడ్డ నోరు ఎలా పట్టించాలో చేసి చూపిస్తుంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త డానా రాఫెల్ 1973లో ఇటువంటి తోడుకు 'డౌలా' అన్న గ్రీకు మాటను ప్రచారంలోకి తెచ్చారు. గ్వాటెమాలా ఆసుపత్రిలో జరిపి 1980లో ప్రచురించిన పరిశోధనలో, పక్కన తోడు ఉన్నవారికి నొప్పుల కాలం తగ్గినట్టు, చిక్కులు తక్కువైనట్టు తేలింది. అక్కడ తోడుగా ఉన్నది ముక్కూముఖం తెలియని స్త్రీ. చిన్ననాటి నేస్తం విలువ దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ప్రసవ వేళ గర్భిణి కోరుకున్న మనిషిని తోడుగా ఉండనివ్వాలని సిఫారసు చేసింది.

ఇప్పుడు ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన బాలింతను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి చూస్తుంది. ఆ మధ్య రోజుల్లో మార్పును పసిగట్టగలిగేది నేస్తమే. కాన్పు తర్వాత తొలి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో తగ్గిపోతుంది. అలా తగ్గకపోయినా, ఆమె తిండి, నిద్ర మాని బిడ్డ వైపు చూడకపోయినా, ప్రాణం మీద విరక్తి మాటలు వచ్చినా గాలి, దిష్టి అని తాత్సారం చేయకుండా డాక్టరుకు చూపించమని ఇంటి పెద్దలకు చెప్పడం, రక్తస్రావం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయడం, చలిజ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళడం నేస్తం చేయగలిగిన పనులు.