షాక్ తరంగం ఎవరి అండతో నిలుస్తుంది?

2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి లేచిన ఇస్రో రాకెట్, మాక్ 6 (ధ్వని వేగానికి 6 రెట్లు) దగ్గర తన స్క్రామ్‌జెట్ ఇంజిన్లను, అంటే ధ్వనిని మించి దూసుకొచ్చే గాలిలోనే ఇంధనాన్ని మండించే ఇంజిన్లను, దాదాపు 5 సెకన్లు మండించింది. 2025 ఏప్రిల్ 25న హైదరాబాద్‌లో రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ నేలమీది పరీక్షలో అలాంటి ఇంజిన్ చిన్న నమూనా కంబస్టర్‌ను (దహన గదిని) 1000 సెకన్లకు పైగా నడిపింది. వార్తలు సెకన్లనే లెక్కపెట్టాయి. ఇంజిన్‌లోకి దూసుకొచ్చే గాలిలో పుట్టే షాక్ తరంగాలు అసలు ఉన్నచోటే ఎందుకుంటాయన్న ప్రశ్న మాత్రం గణితజ్ఞుల కాగితాల్లోనే మిగిలింది.

షాక్ అంటే వెంట్రుక కన్నా ఎంతో పలచని పొర. దాన్ని దాటగానే పీడనం, సాంద్రత, వేగం ఒక్క గంతులో మారిపోతాయి. ఆ గంతుకు 19వ శతాబ్దంలో ర్యాంకిన్, హ్యుగోనియో లెక్క కట్టారు: ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి ఇటు ఎంత వస్తే అటు అంతే పోవాలి. చిక్కేమిటంటే ఈ లెక్కకు జవాబు ఒక్కటే కాదు. మాక్ 6 గాలికి 10 డిగ్రీల వాలున్న పదునైన అంచు అడ్డొస్తే షాక్ 17.6 డిగ్రీల కోణంలో వాలి ఉండొచ్చు, లేదా 87.6 డిగ్రీల్లో దాదాపు నిటారుగా నిలవొచ్చు. షాక్ దాటితే ఎంట్రోపీ పెరగాలన్న నియమం రెండింటినీ ఒప్పుకుంటుంది. ప్రయోగశాలలో మామూలుగా కనిపించేది మొదటిదే.

రెండోది అస్థిరం కనక నిలవదనేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. పొరను కాస్త వంచి, ఆ వంపును రకరకాల అలలుగా విడగొట్టి, వాటిలో ఏ ఒక్కటైనా హద్దు లేకుండా పెరుగుతుందేమో చూడటం స్థిరత్వాన్ని తేల్చే గణితంలో ప్రధాన పద్ధతి. 1983లో గణితజ్ఞుడు ఆండ్రూ మజ్దా దాన్ని పటిష్ఠమైన సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆదర్శ వాయువులో ఆ పరీక్షకు రెండు షాక్‌లూ నెగ్గుతాయి! తేడా పొరలో లేదు, దాని వెనకాల ఉంది. వాలు షాక్ వెనక గాలి ఇంకా ధ్వనిని మించే పోతోంది కాబట్టి దిగువ కబురు ఎగువకు చేరదు. నిటారు షాక్ వెనక గాలి ధ్వని కన్నా మెల్లగా సాగుతుంది. దిగువన తగిన పీడనం పట్టి ఉంచితేనే అది నిలుస్తుంది. కాబట్టి స్థిరత్వాన్ని షాక్‌కు అంటగట్టడం సగం మాటే, దాని పరిసరాలను కూడా చెప్పాలి.

ప్రవాహమంతా ధ్వనిని మించినప్పుడు ఇంకో సౌలభ్యం ఉంది: గాలి సాగే దిశనే కాలంగా తీసుకోవచ్చు. 1965లో గణితజ్ఞుడు గ్లిమ్ చూపిన, కాలంలో అడుగడుగునా జవాబు కట్టే పద్ధతిని ఈ కోణంలో వాడి, 2006లో మరో గణితజ్ఞుడు గుయి-చియాంగ్ చెన్ సహచరులతో కలిసి అంచు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా వాలు షాక్ దాదాపు అక్కడే ఉంటుందని నిరూపించాడు.

విండ్ టన్నెల్ ఉంది, కంప్యూటర్ ఉంది, ఇక నిరూపణలెందుకని ఇంజినీరు అడగొచ్చు. టన్నెల్ ఆ రోజు తగిలిన కుదుపులకే జవాబిస్తుంది. కంప్యూటర్ లెక్కలో చొరబడే కృత్రిమ స్నిగ్ధత (జిగట) చిన్న అలలను మింగేసి, అస్థిరమైనదాన్నీ స్థిరంగా చూపగలదు. వేర్వేరు వేగాల గాలి పొరలు రెండు రాసుకుంటూ పోయే చోట ఇది మరీ ప్రమాదం: రెండు కొలతల్లో, రెండు వైపులా ధ్వని వేగం ఒకటే అయితే, వేగాల తేడా దానికి 2.83 రెట్లు దాటితే తప్ప ఆ హద్దు నిలవదు; మూడు కొలతల్లో ఆ రక్షణా లేదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఈ సిద్ధాంతం గాలికి స్నిగ్ధత లేదనుకుంటుంది. నిజమైన స్క్రామ్‌జెట్‌లో మంట పీడనం పెరిగితే, గోడనంటిన మెల్లని గాలి పొర గుండా ఆ కబురు ఎగువకు పాకి, షాక్‌లను ఇంజిన్ ముఖద్వారం బయటికి నెట్టేయగలదు. ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ఆ ప్రమాదం వచ్చే దారి కూడా సిద్ధాంతం వేలెత్తి చూపినదే: ధ్వని కన్నా మెల్లగా సాగే గాలి.